చివికిందా, చిరిగిందా?

తుపాను వెళ్ళిపోయిన ఐదో రోజు పొద్దున. ఒక పెంకుటింటి గోడకు నిచ్చెన వేసి ఉంది. కప్పు మీద బీమా కంపెనీ సర్వేయరమ్మ. కింద నిచ్చెన పట్టుకుని ఇంటాయన, రిటైరైన కరెంటు లైన్‌మన్. ఆయన వెనకే భార్య, ఇంట్లోనే బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టే మనిషి.

“…అటు కాదమ్మాయ్, ఇంకాస్త కుడికి. కుడికి! వాసం ఉన్నచోట కాలెయ్యి. ఉత్త పెంకు మీద వేస్తే వంటింట్లోకి దిగుతావు.”

“తెలుసు బాబాయ్ గారూ. పన్నెండేళ్ళుగా కప్పులే ఎక్కుతున్నాను.”

“నేను ముప్పైనాలుగేళ్ళు స్తంభాలెక్కాను. గాలివానలో కరెంటు పోతే ఊరంతా నా వంకే చూసేది. ఒక్క నిమిషం ఉండు, నేనొచ్చి చూపిస్తా—”

“కాలు పెట్టారంటే చూడండి.”

“పెట్టలేదే! మొదటి మెట్టు మీద చెయ్యి వేశానంతే.”

“చెయ్యి వెనకాలే కాలొస్తుంది. మీ సంగతి నాకు తెలీదూ?”

“పిన్నిగారూ, మీరు ఆయన్ని పట్టుకోండి. బాబాయ్ గారూ, మీరు నిచ్చెనని పట్టుకోండి. నన్ను నా పని చేసుకోనివ్వండి.”

“ఏం కనబడుతోందమ్మా?”

“పడమటి వాలు బాగా దెబ్బతింది. ఇరవై ఆరు, ఇరవై ఏడు… ఇరవై ఎనిమిది పెంకులు పోయాయి. రెండు వాసాలు కూడా విరిగాయి.”

“తుపానే!”

“అవును బాబాయ్ గారూ, ఇది అచ్చంగా తుపానే. విరిగిన అంచులు ఎర్రగా, నిన్న కాల్చిన మట్టిలా ఉన్నాయి. అన్నీ ఒకే వైపుకి లేచాయి. మేకులు కూడా అటే వంగాయి. పక్కింటి రేకులు లేచిందీ అటే.”

“విన్నావుటే? అచ్చంగా తుపాను!”

“విన్నాను. ఇంకా అయిపోలేదుగా. తూర్పు వైపు చూడమనండి.”

“తూర్పుకే వెళ్తున్నా పిన్నిగారూ. ఉండండి, కాస్త పాకాలి… ఊఁ. ఇక్కడ కథ వేరుగా ఉందే.”

“అదీ తుపానే.”

“నేనింకా ఏమీ చెప్పలేదు కదండీ.”

“చెప్పక్కర్లేదు. తుపానే.”

“కాదు, వయసు.”

“నువ్వూరుకోవే. సర్వేయరు నువ్వా, ఆ అమ్మాయా?”

“నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతున్నాను. చివికిన గుడ్డకీ చిరిగిన గుడ్డకీ తేడా నాకు తెలీదా? మేకు తగిలి చిరిగిందనుకోండి, అంచున పోగులు గట్టిగా నిలబడి ఉంటాయి. అదే చివికితే, పట్టుకుని లాగితే ఎక్కడికక్కడ ఊడొస్తుంది. పడమటి వైపుది చిరిగింది. తూర్పుది చివికింది.”

“భలే చెప్పారు పిన్నిగారూ! మాకు ట్రైనింగులో రెండు రోజులు పాఠం చెప్పారు. అంతా కలిపితే ఇంతే.”

“చూశారా?”

“ఏం చూడాలి? నా చేత్తో నేసిన కప్పది. అది చివకడమేమిటి?”

“మీరు నేసి ముప్పై ఏళ్ళయింది.”

“అయితే? నాకు అరవయ్యారు. నేను చివికానా?”

“నేనేం అనలేదే.”

“అనలేదు. అన్నట్టు చూశావు.”

“ఇద్దరూ కాస్త ఆగండి, దిగుతున్నా. బాబాయ్ గారూ, నిచ్చెన! నిచ్చెన వదిలేసి చేతులూపుతారేంటండీ?”

వంటిల్లు. సర్వేయరమ్మ, ఇంటావిడ. లైన్‌మన్ కిటికీ అవతల ఉన్నాడు.

“ఈ మంచినీళ్ళు తాగమ్మా. ఎండన పడి వచ్చావు.”

“పిన్నిగారూ, ఈ గోడ మీద మరక ఎన్నాళ్ళ నుంచి ఉంది?”

“అడుగు, అడుగు. అదే అడగాలి.”

“ఒక మరక చుట్టూ ఇంకో మరక, దాని చుట్టూ ఇంకోటి. ఒక్కో వానాకాలం ఒక్కో గీత గీసి పోయింది. ఐదు, ఆరు… ఏడు. తుపాను మరకైతే గీత ఒక్కటే ఉంటుంది.”

“ఏడేళ్ళుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నాను తల్లీ, వంటింట్లో కారుతోందని. నా మాట విన్నదెవరు? ఆ గోడ వింది, రాసిపెట్టుకుంది.”

“అది సున్నం వేసినవాడు సరిగ్గా వెయ్యలేదమ్మాయ్! నాకు వినబడుతోంది ఇక్కడికి!”

“వినబడితే వినండి. కాదు, వినొద్దు. అటు వెళ్ళి ఆ మొక్కలకి నీళ్ళు పొయ్యండి. …వెళ్ళారా? కిటికీ వెయ్యమ్మా. ఆయనవి పాము చెవులు.”

“వేశాను. చెప్పండి.”

“చెప్పేదేముంది… నీకు పెళ్ళయిందా?”

“అయింది. రిపోర్టుకీ దానికీ ఏమిటండీ సంబంధం?”

“ఉంది. మీ ఆయన నీ మాట వింటాడా?”

“వింటాడు. చెయ్యడు.”

“అయితే నీకు అర్థమవుతుంది. ఇదిగో, ఆ కప్పు మొత్తం పాతబడిపోయింది, దేనికీ పనికిరాదు అని రాసెయ్యి.”

“మొత్తమా? పడమటి వాలు కూడానా?”

“తూర్పు, పడమర, మూలలు, ముంగిళ్ళు. మొత్తం.”

“అలా రాస్తే మీకు చిల్లిగవ్వ రాదండీ. పాతబడినదానికి కంపెనీ ఇవ్వదు.”

“తెలుసు.”

“తెలిసే అడుగుతున్నారా? పన్నెండేళ్ళలో నా దగ్గరికొచ్చి బతిమాలినవాళ్ళంతా తుపానని రాయమన్నవాళ్ళే. ఒకాయనైతే మోయలేని బండరాయి తెచ్చి, ఆకాశంలోంచి పడిందన్నాడు. పాతదని రాయమన్న మొదటి మనిషి మీరే.”

“ఆకాశంలోంచి పడేవాటి గురించి నాకు బెంగ లేదమ్మా. ఆకాశంలోకి ఎక్కే మనిషి గురించే.”

“బాబాయ్ గారా?”

“రెండేళ్ళ కిందట ఆ కప్పు మీంచి జారి భుజం విరగ్గొట్టుకున్నారు. మూడు నెలలు ముద్ద కలిపి నోట్లో పెట్టాను. ఇక ఎక్కనని నా నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశారు. ఇప్పుడు నువ్వు తుపానని రాశావనుకో, విరిగినవి నాలుగు మార్పించి, చూడు, కప్పు నిక్షేపంలా ఉందంటారు. ఏడాదికి రెండు పెంకులు జారతాయి. పెంకు జారినప్పుడల్లా ఈయన చూపు నిచ్చెన మీదికి జారుతుంది. నేను మిషను తొక్కుకుంటూ, ఎప్పుడు దబ్బుమంటుందా అని చెవులు పైకి పెట్టుకుని కూర్చోవాలి. చేతిలో పని మీద ధ్యాస ఉంటుందా? మొన్నామధ్య ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే వేశాను.”

“అయ్యో! పాతదని రాస్తే?”

“ఆ కప్పు దింపించేసి చదునుగా స్లాబు వేయిస్తాను. మెట్లు కట్టిస్తాను, చుట్టూ పిట్టగోడ పెట్టిస్తాను. అప్పుడు రోజంతా పైనే ఉండనీ, నాకేం?”

“మీ బాధ నాకర్థమైంది పిన్నిగారూ. కానీ నేను ఉన్నది ఉన్నట్టే రాయాలి. మీకోసం ముసలిదనీ రాయలేను, ఆయనకోసం పడుచుదనీ రాయలేను.”

“చిన్నవయసులో మరీ అంత నిక్కచ్చి పనికిరాదమ్మా.”

“ఇంకొకటి అడగాలి. మీ కుట్టుగదిలో మిషను పైన కన్నం ఉంది, అదేంటి?”

“ఏ కన్నం?”

“ఆకాశం కనబడుతోంది కదండీ.”

“ఓ, అదా! అది… తుపాను.”

“ఇప్పటిదాకా అంతా వయసే అన్నారు.”

“ఆ ఒక్కటీ తుపాను.”

“తుపాను రోజే ఆ కన్నం పడి ఉంటే, కింద ఆ గుడ్డల మూటలన్నీ నాని ముద్దయి ఉండాలి. పొడిగా ఉన్నాయి. గోడకి చెమ్మ లేదు. పైగా పెంకు కిందనుంచి పైకి లేచింది. తుపాను మీ మిషను కిందనుంచి పుట్టిందా పిన్నిగారూ?”

“ఇంకో గ్లాసు నీళ్ళు తెమ్మంటావా?”

“వద్దండి. ఆ మూలనున్న వెదురుగెడ కొసన ఎర్రగా పెంకు పొడి అంటుకుని ఉంది.”

“నీవి కళ్ళు కావు తల్లీ, సూదులు. సరే, విను. బుధవారం పొద్దున పైన గండుపిల్లి తిరిగింది. దబ్, దబ్, దబ్ అని. తోలుదామని గెడతో పొడిచాను. కాస్త గట్టిగా తగిలింది.”

“పిల్లిని తోలడానికి పెంకు ఎగిరిపోయేలా పొడిచారా?”

“పెద్ద పిల్లి.”

“బాబాయ్ గారికి చెప్పారా?”

“ఆయనకెందుకు? తుపానే అనుకుంటున్నారు, అనుకోనీ. నువ్వూ చెప్పకు.”

పెరట్లో నిచ్చెన దగ్గర. సర్వేయరమ్మ, లైన్‌మన్.

“ఏమంటోంది?”

“మంచినీళ్ళిచ్చారు.”

“ఇంతసేపా? బావి తవ్వి ఇచ్చిందా?”

“బాబాయ్ గారూ, ఏదీ, ఒకసారి మీ చెయ్యి చూపించండి.”

“కప్పులు చూస్తావనుకున్నా, చేతులు కూడా చూస్తావా?”

“గోళ్ళలో ఎర్రగా ఉందేంటండీ?”

“ఎర్రగానా? ఎక్కడ? …ఓ, ఇదా. మొక్కలకి పాదులు చేశాను.”

“మీ పెరట్లో మట్టి నల్లది. తూర్పు వాలు మీద పగుళ్ళు చూసి ముందు నేనే మోసపోయాను. ఎర్రగా, కొత్తగా, ముచ్చటగా ఉన్నాయి. వేలితో రాస్తే ఎరుపు ఊడొచ్చింది. ఇదిగో నా వేలు. ఇటుకపొడి.”

“గాలికి ఎగిరొచ్చి ఉంటుంది.”

“ఎగిరొచ్చి సరిగ్గా పగుళ్ళలోనే పడిందా? ఒక్కోదానికీ కొలిచి కూరినట్టు?”

“తుపాను కదమ్మా. దానికి అడ్డేముంది.”

“పాచి కూడా తుపానే గీకిందా? బ్రష్షు పెట్టి, ఓసారి అడ్డంగా, ఓసారి నిలువుగా?”

“నువ్వు మరీ దగ్గర్నుంచి చూస్తున్నావు.”

“ఎరుపు కింద పగులు నల్లబడి ఉంది, లోపలిదాకా పాచి వేళ్ళున్నాయి. పైన రంగు పూస్తే వయసు తగ్గుతుందా బాబాయ్ గారూ?”

“నా మీసం జోలికి రాకు.”

“నేను పెంకుల గురించే మాట్లాడుతున్నా.”

“మాట్లాడేది పెంకుల గురించే. చూసేది మీసం వంక.”

“సరే, ఒకే ఒక్క ప్రశ్న. ఆ పొడి పూయాలంటే పైకెక్కాలి కదా?”

“ఎక్కాలి.”

“ఎవరెక్కారు?”

“ఎవరో.”

“బాబాయ్ గారూ.”

“…బుధవారం. ఆవిడ యూనిఫారాలు ఇచ్చొస్తానని బడికి బయల్దేరింది. పోయిందనుకుని ఎక్కాను. ఎంతసేపు? అరగంట. అందులో నిజంగా పని చేసింది పావుగంట.”

“మిగతా పావుగంట?”

“ఊరికే కూర్చున్నా. పైనుంచి ఊరు బాగుంటుందమ్మా. నేను తీగలు లాగిన స్తంభాలన్నీ కనబడతాయి.”

“సగం పగుళ్ళకే పూశారు. మిగతా సగం వదిలేశారేం?”

“పొడి అయిపోయింది.”

“కప్పు మీద ఇంకా సగం డబ్బా ఉంది, మూత కూడా పెట్టలేదు.”

“…త్వరగా దిగాల్సొచ్చింది. ఎందుకని అడక్కు.”

“అడగను. కానీ ఇదంతా డబ్బు కోసమా? మిమ్మల్ని చూస్తే అలా అనిపించడం లేదు.”

“డబ్బా! ఆ కప్పు నేనొక్కణ్ణే నేశానమ్మా, సెలవు రోజుల్లో, నాలుగు నెలలు. ఒక్కో పెంకూ వేలితో కొట్టి, ఖంగుమంటేనే పైకి ఎక్కించాను. డొల్లగా మోగినవి పక్కన పడేశాను. గాలి కొట్టిందన్నావనుకో, సరే, గాలి ఎవర్నైనా కొడుతుంది. దానంతట అదే పాడైపోయిందంటే… మనసొప్పడం లేదు.”

“ఒక మాట చెప్పనా? ఈ వీధిలో నిన్నటినుంచి పదకొండు ఇళ్ళు చూశాను. పక్కింటి రేకులు పోయి రోడ్డు మీద పడ్డాయి. ఎదురింటాయనకి కొత్త కప్పు, నాలుగేళ్ళది, సగం లేదు. మీ ముప్పై ఏళ్ళ కప్పు ఇరవై ఎనిమిది పెంకుల నష్టంతోనే బయటపడింది. నేత అంటే అదీ. వయసు రావడం తప్పు కాదు బాబాయ్ గారూ. పాలసీలో లేదు, అంతే.”

“ఎంత బాగా చెప్పావమ్మా. నా కడుపు నిండింది. అయితే తుపానని రాస్తావా?”

“రాయను.”

“రాయవూ.”

“రాయను. పైగా ఇటుకపొడి సంగతి రాశానంటే న్యాయంగా రావాల్సిన ఆ ఇరవై ఎనిమిదీ పోతాయి. క్లెయిము మొత్తం కొట్టేస్తారు. ఒకటే దారి. తూర్పు వాలు పాతదే, దాన్ని క్లెయిములోంచి తీసెయ్యండి అని మీ నోటితో మీరే చెప్పాలి. పిన్నిగారి ముందు.”

“ఆవిడ ముందెందుకు? ఇక్కడ, ఈ కొబ్బరిచెట్టు ముందు చెప్తాను.”

“పాలసీ ఆవిడ పేరున ఉంది. సంతకం ఆవిడది. ఎందుకు తీసేస్తున్నామో తెలియకుండా ఆవిడ చేత సంతకం పెట్టించను.”

“నా ఒట్టు సంగతి చెప్పిందా నీకు?”

“చెప్పారు.”

“అమ్మాయ్, ఒక పని చెయ్యి. నన్ను మళ్ళీ పైకెక్కించి అక్కణ్ణుంచి తోసెయ్యి. అదే నయం.”

వసారా. ముగ్గురూ కూర్చున్నారు. సర్వేయరమ్మ ఒళ్ళో కాగితాలు.

“పడమటి వాలు, ఇరవై ఎనిమిది పెంకులు, రెండు వాసాలు. తుపాను నష్టం. ఇద్దరికీ సమ్మతమేనా?”

“సమ్మతం.”

“నాకూ సమ్మతమేనమ్మా. అంత న్యాయంగా చెప్తుంటే కాదనను.”

“ఇక తూర్పు వాలు. బాబాయ్ గారేదో చెప్తానన్నారు.”

“నేనా? నేనేం చెప్తాను. ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది.”

“చెప్తానన్నారు.”

“ఏమిటండీ? చెప్పండి, నమలకుండా.”

“అదీ… తూర్పు వాలు ఉంది చూశావూ… అది తుపాను కాదే.”

“ఏమిటీ? ఒంట్లో బాగానే ఉందా మీకు?”

“చివికింది. పొద్దున నువ్వన్నదే. పాతబడింది. తీసెయ్యి అమ్మాయ్. ఏమే, సంతకం పెట్టు.”

“ఉండండుండండి. పొద్దుటినించీ తుపాను తుపానని గొంతు చించుకున్నారు. గంటలో జ్ఞానోదయం ఎలా అయింది?”

“వయసు రావడం తప్పు కాదుగా. ఎవరో అన్నారు.”

“అయితే ఆ కప్పు దింపేద్దామా?”

“…దింపుదాం. కానీ పారేయొద్దు. కొట్టి చూడాలి ఒక్కోటీ. మోగేవి ఇంకా చాలా ఉన్నాయి.”

“కింద కూర్చుని కొట్టండి, ఎవరొద్దన్నారు? చాపేసి ఇస్తాను. ఏడేళ్ళు పట్టింది తల్లీ ఈ మాట వినడానికి! నువ్వేం మంత్రం వేశావు?”

“నేనేం వెయ్యలేదు పిన్నిగారూ. బాబాయ్ గారూ, అసలు సంగతి ఇంకా చెప్పలేదు మీరు.”

“చెప్పేశాగా.”

“కారణం.”

“ఏం కారణం?”

“ఏమీ లేదే. అదే… ఇటుకపొడి.”

“ఏ ఇటుకపొడి?”

“గాలికి ఎగిరొచ్చిన ఇటుకపొడి.”

“బాబాయ్ గారూ!”

“అబ్బ! నేనే పూశానే. పగుళ్ళకి. కొత్తగా కనబడతాయని. అయిందా?”

“పూశారా? నేల మీద నిలబడే?”

“ఆఁ… ఊఁ.”

“ఆఁ నా, ఊఁ నా? చెయ్యి అంత పొడుగు సాగిందా?”

“అమ్మాయ్, ముందు ఆ కుట్టుగది కన్నం సంగతి తేల్చు. అదీ రాయాలిగా నువ్వు.”

“రాయాలి. అది తుపాను కాదు, వయసూ కాదు. ఏమని రాయమంటారు పిన్నిగారూ?”

“పిల్లి అని రాయి.”

“పిల్లా?”

“అవునండీ, పిల్లి. బుధవారం పైన గండుపిల్లి తిరుగుతుంటే గెడతో పొడిచాను. నేనే పొడిచాను. మీలాగా గాలి మీదికి నెట్టలేదు, నా నోటితో నేనే ఒప్పుకున్నాను. ఆ పెంకు కూడా తీసెయ్యమ్మా, మాకొద్దు.”

“పిల్లి కాదే అది.”

“మరేమిటి? కుక్కా?”

“నువ్వు బడికి పోయావనుకున్నాను.”

“దారం మర్చిపోయి వెనక్కొచ్చాను. అయితే?”

“అయితే ఏముంది… అక్కడ ఊరికే కూర్చుని స్తంభాలు చూస్తున్నా. ఉన్నట్టుండి పెంకు లేచింది. గెడ నా రెండు కాళ్ళ మధ్యనుంచి రివ్వున పైకొచ్చింది. బెత్తెడు ఇటు వచ్చుంటే నేనీ వసారాలో ఇలా కూర్చోలేను. కెవ్వున అరుద్దామనుకున్నా. అరిస్తే నీకు దొరికిపోతా. అందుకని…”

“అందుకని?”

“మ్యావ్ అన్నాను.”

“బాబాయ్ గారూ, నిజంగానా?”

“రెండుసార్లు. నవ్వకమ్మాయ్, నీ కాగితాలు ఎగిరిపోతున్నాయి. ఏమే, నువ్వు నవ్వవేం? తిట్టవేం? ఒట్టు తప్పాను. పైనున్నది పిల్లి కాదు, నేను.”

“తెలుసు.”

“తెలుసా! ఎప్పుడు తెలిసింది?”

“పొడవక ముందే. ఏ గండుపిల్లి నిచ్చెన కింద చెప్పులు విడిచి ఎక్కుతుందండీ?”